ఎవరి పెళ్లి చెల్లింది? లియొనోర్ తెలేస్, ఆమె బంధువర్గం, పోర్చుగల్ సింహాసనం

1385 వసంతంలో పోర్చుగల్ ప్రభువులు, బిషప్పులు, పట్టణాల ప్రతినిధులు తమకు రాజు ఎవరో తేల్చుకోవడానికి కొయింబ్రాలో సమావేశమయ్యారు. పొరుగున ఉన్న కాస్టీల్ రాజు అప్పటికే ఒకసారి దండెత్తి వచ్చి వెళ్లాడు, మళ్లీ రాబోతున్నాడు. అంత ఆపదలోనూ సభ ముందు ప్రధాన న్యాయవాదిగా నిలిచిన జువావ్ దాస్ రెగ్రాస్ యుద్ధం గురించి కాక పెళ్లిళ్ల గురించి వాదించాడు. చనిపోయిన రాజు ఫెర్నాండోకూ ఆయన రాణి లియొనోర్ తెలేస్‌కూ జరిగింది అసలు వివాహమే కాదని, కాబట్టి వాళ్ల కూతురు బియత్రీజ్‌కు సింహాసనంపై హక్కు లేదని ఆయన వాదన. ఎవరి గురించి ఇంత చర్చ జరిగిందో ఆ లియొనోర్ ఆ సమయానికి కాస్టీల్‌లో, అల్లుడైన అక్కడి రాజు నిర్బంధంలో ఉంది.

పోర్చుగీసు జనశ్రుతిలో లియొనోర్‌కు మిగిలిన బిరుదు ద్రోహి అనే అర్థం వచ్చేది. భర్తను విడిచి రాజును వలలో వేసుకున్నదని, సొంత అక్కచెల్లెలి హత్యకు కారణమైందని, రాజు బతికుండగానే ప్రియుణ్ణి చేరదీసిందని, చివరకు దేశాన్ని పరాయి రాజు చేతిలో పెట్టిందని చెప్పుకుంటారు. ఈ కథలకు ప్రధాన ఆధారం ఫెర్నావ్ లోపిస్. ఆయన గొప్ప రచయిత, రాజ్య దస్తావేజుల భాండారానికి అధికారి కూడా. అయితే ఆయనకు చరిత్ర రాసే పని అప్పగించింది లియొనోర్‌ను కూలదోసి గద్దెనెక్కిన వంశం. ఆయన రాసేనాటికి ఆ సంఘటనలు జరిగి యాభై ఏళ్లు దాటాయి. అందువల్ల ఆమె మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నను పట్టుకుంటే మనం లోపిస్ గీసిన గీత దాటలేం. ఎవరి పెళ్లి చట్టప్రకారం చెల్లింది, ఎవరిది చెల్లలేదు, ఆ తీర్పు ఎవరికి అవసరమైంది అని అడిగితే మాత్రం చిక్కుముడి చాలావరకు విడిపోతుంది.

లియొనోర్ పుట్టిన మెనెజిస్ వంశం మూలాలు కాస్టీల్‌లో ఉన్నాయి. సరిహద్దు అనేది అప్పటి పెద్ద ప్రభువంశాలకు గోడ కాదు. రెండు వైపులా భూములు, రెండు వైపులా వియ్యాలు, ఒక రాజుతో చెడితే రెండో రాజు కొలువు. ఆమె తండ్రి మార్టిం అఫోన్సో తెలో అలాగే కాస్టీల్ వెళ్లి, పోర్చుగల్ ఆడపడుచైన అక్కడి రాజమాత మరియా కొలువులో పెద్ద పదవిలో ఉన్నాడు. రాజమాతకూ ఆమె కొడుకు, కాస్టీల్ రాజు పెద్రోకూ పొసగలేదు. 1356లో తోరో పట్టణం రాజు వశమైనప్పుడు, రాజమాత కళ్లెదుటే ఆమె వెంట ఉన్న ప్రభువులను నరికించారు. మార్టిం అఫోన్సో వాళ్లలో ఒకడు. లియొనోర్ సుమారు 1350లో పుట్టిందని అంచనా. ఆ లెక్కన తండ్రి చనిపోయేనాటికి ఆమె చిన్నపిల్ల. తల్లి అల్దొన్సా వాస్కొన్‌సెలోస్ కుటుంబానికి చెందినది.

తండ్రి లేని ఆ పిల్లలకు పెద్దదిక్కు తండ్రి తోడబుట్టిన జువావ్ అఫోన్సో తెలో. పోర్చుగల్ రాజు మొదటి పెద్రోకు ఈయన అత్యంత ఆప్తుడు. 1357లో ఈయనను బార్సెలోస్ కౌంటుగా (ఆ ప్రాంతపు పెద్ద ప్రభువుగా) చేసినప్పుడు రాజు చేసిన ఆడంబరాన్ని లోపిస్ ప్రత్యేకంగా వర్ణించాడు: కొత్త కౌంటు ఆ రాత్రి జాగారం చేసిన సావ్ దొమింగోస్ మఠం నుంచి రాజభవనం దాకా దారికి రెండు వైపులా 5,000 మంది వెలిగించిన మైనపు దివిటీలు పట్టుకుని నిలబడగా, వాళ్ల మధ్య రాజు తెల్లవార్లూ నృత్యం చేశాడట. ఈ కుటుంబంలో పేర్లు పాఠకుణ్ణి తికమకపెడతాయి. జువావ్ అఫోన్సో తెలో అనే పేరు ఈయనదే కాదు, ఈయన కొడుకుల్లో ఒకడిది, లియొనోర్ సోదరుడిది కూడా. పైగా ఆ సోదరుడు తర్వాతి కాలంలో అదే బార్సెలోస్ కౌంటు బిరుదు పొందాడు. పాత వంశవృక్షాల్లో కొన్ని తప్పులకు ఇదే కారణం.

ఈ కౌంటు చేసిన ఒక పని మన కథకు చాలా ముఖ్యం. పెద్రో రాజు యువరాజుగా ఉన్నప్పుడు ఇనేస్ ద కాస్త్రో అనే గలీసియా ప్రభుకన్యను ప్రేమించాడు. 1355 జనవరి 7న పెద్రో తండ్రి ఆమెను చంపించాడు. పెద్రో రాజైన తర్వాత, 1360లో, తాను ఇనేస్‌ను చాలా ఏళ్ల కిందటే రహస్యంగా పెళ్లాడానని ప్రకటించాడు. ఏ రోజు, ఏ నెల అన్నది మాత్రం గుర్తులేదన్నాడు. ఆ ప్రకటనను కొయింబ్రాలో జనం ముందు వినిపించి, సాక్ష్యం నమోదు చేయించిన రాజపురుషుల్లో ప్రముఖుడు లియొనోర్ బాబాయి వరుసైన ఈ కౌంటే. ఇనేస్ పిల్లలు జువావ్, దినీస్, బియత్రీజ్ సక్రమ సంతానమా కాదా అన్నది ఆ ప్రకటనను నమ్మడం మీద ఆధారపడింది. గుర్తులేని ఆ తేదీ పాతికేళ్ల తర్వాత కొయింబ్రా సభలో మళ్లీ బయటికొచ్చింది.

లియొనోర్‌కు చిన్న వయసులోనే పొంబెయిరో ప్రభువు జువావ్ లొరెన్సో ద కున్హాతో పెళ్లి చేశారు. వాళ్లకు అల్వారో అనే కొడుకు పుట్టాడు. ఆమె తోబుట్టువు మరియా తెలేస్ మొదటి భర్త పోయాక రాచనగరులో ఉండేది. పెద్రో తర్వాత రాజైన ఆయన కొడుకు ఫెర్నాండోకు సవతి చెల్లెలు, అంటే ఇనేస్ కూతురు బియత్రీజ్ పరివారంలో ఆమె ఒకతె. 1371లో లియొనోర్ మరియాను చూడటానికి వచ్చింది, అక్కడే ఫెర్నాండో రాజు ఆమెను చూశాడు. అప్పటికి ఫెర్నాండోకు పాతికేళ్లు దాటాయి. అదే ఏడాది మార్చి 31న అల్కౌతిం సంధి ప్రకారం కాస్టీల్ రాజు రెండవ ఎన్రికే కూతుర్ని పెళ్లాడతానని ఆయన మాట ఇచ్చి ఉన్నాడు. ఆ అమ్మాయి పేరూ లియొనోరే.

లియొనోర్ మొదటి పెళ్లిని దగ్గరి బంధుత్వం సాకుతో రద్దు చేయించారు. ఇక్కడ మన పాఠకులు ఒక్క క్షణం ఆగాలి. మేనరికం మంచి సంబంధంగా చెల్లే సమాజం మనది. మధ్యయుగపు చర్చి చట్టం అందుకు పూర్తిగా ఎదురు. 1215 నాటి లాటరన్ మండలి (చర్చి పెద్దల మహాసభ) నిర్ణయం ప్రకారం, వధూవరులకు తాతకు తాత అయినవాడు ఉమ్మడి పూర్వీకుడైతే ఆ పెళ్లి చెల్లదు, పోప్ మినహాయింపు ఇస్తే తప్ప. పోర్చుగల్, కాస్టీల్ ప్రభువంశాలు కొన్ని పదుల కుటుంబాల మధ్యే తిరిగి తిరిగి వియ్యమందేవి కాబట్టి, వాళ్లలో దాదాపు ఏ దంపతులను తీసుకున్నా నాలుగు తరాల లోపల ఎక్కడో ఒకచోట చుట్టరికం తగిలేది. అంటే చట్టం కఠినంగా ఉండటం వల్లే రద్దు సులువైంది. అవసరమైనప్పుడు వంశవృక్షం తీస్తే చాలు, పెళ్లి లేకుండా పోతుంది. అవసరం లేనప్పుడు ఎవరూ తీయరు. లియొనోర్ విషయంలో జరిగింది అసాధారణమైన కుట్ర కాదు, ఆ కాలపు పెద్దింటి వాళ్లు రెండో పెళ్లికి వాడుకునే మామూలు దారి. అసాధారణమైనదల్లా రెండో భర్త రాజు కావడం, ఆ రాజు మరో రాజుకు మాట తప్పడం. కున్హా కాస్టీల్ వెళ్లిపోయాడు. భార్యను పోగొట్టుకున్నందుకు టోపీకి బంగారు కొమ్ములు తగిలించుకుని తిరిగాడని తర్వాత కథలల్లారు, వాటిని పట్టించుకోనక్కర్లేదు.

లిస్బన్ ప్రజలు ఈ సంబంధాన్ని ఒప్పుకోలేదు. ఫెర్నావ్ వాస్కిస్ అనే దర్జీ నాయకత్వంలో, లోపిస్ లెక్క ప్రకారం సుమారు 3,000 మంది రాజభవనం ముందు చేరి, పరాయివాడి భార్యను రాజు తెచ్చుకోవడం రాజ్యానికి అవమానమని నిలదీశారు. మరునాడు సావ్ దొమింగోస్‌లో సమాధానం చెప్తానన్న రాజు, ఆ మాట నిలబెట్టుకోకుండా లియొనోర్‌తో కలిసి నగరం విడిచిపోయాడు. తర్వాత వాస్కిస్‌నూ అతని తోటివాళ్లనూ పట్టుకుని కాళ్లూచేతులూ నరికించి చంపారు. జనాగ్రహం నీతి కోసమే అనుకోవడం సరికాదు. కాస్టీల్‌తో రెండేళ్ల యుద్ధం అప్పుడే ముగిసింది. నాణేల విలువ పడిపోయింది, ధరలు పెరిగాయి. రాజు కాస్టీల్ అమ్మాయిని చేసుకుంటే శాంతి నిలుస్తుందని పట్టణాలు ఆశపెట్టుకున్నాయి.

1372 మేలో ఉత్తరాన లెసా ద బాలియో మఠంలో పెళ్లి జరిగింది. కొత్త రాణి చేతిని అందరూ ముద్దాడి విధేయత చూపాలి. ఇనేస్ పెద్దకొడుకు జువావ్ ముద్దాడాడు. చిన్నవాడు దినీస్ నిరాకరించి, కావాలంటే ఆమే తన చేతిని ముద్దాడాలన్నాడు. రాజు కత్తి దూసేదాకా వెళ్లాడు, పక్కవాళ్లు ఆపారు. దినీస్ కాస్టీల్ బాట పట్టాడు. రాణి భరణంగా ఫెర్నాండో రాసిచ్చిన ఊళ్ల జాబితా చూస్తే ఆమె స్థానం ఏమిటో తెలుస్తుంది: విలా విసోజా, అబ్రాంతిస్, అల్మాదా, సింత్రా, తోరెస్ వెద్రాస్, అలెంకేర్, ఒబిదుస్, అవెయిరో మొదలైనవి. వీటిలో చాలా భాగం లిస్బన్ చుట్టూ ఉన్నవే. 1373లో కూతురు బియత్రీజ్ పుట్టింది. తర్వాత పుట్టిన బిడ్డలు పసికందులుగానే పోయారు.

ఆ తర్వాతి పదేళ్లలో లియొనోర్ చేసిన ప్రధానమైన పని తన వాళ్లను నిలబెట్టడం. సోదరుడు జువావ్ అఫోన్సో నౌకాదళాధిపతి, బార్సెలోస్ కౌంటు అయ్యాడు. రెండో సోదరుడు గొన్సాలో నేయివా కౌంటు, కొయింబ్రా కోటకు అధిపతి. మరియా మొదటి పెళ్లి కొడుకు లోపో దియాస్ ద సూజా, ఇంకా బాలుడుగా ఉండగానే, ధనవంతమైన క్రీస్తు సైనిక సంఘానికి (మత వ్రతం పట్టిన యోధుల సంఘానికి) అధిపతి. సవతి సోదరి జొవానాను బ్రగాన్సా ప్రభువు జువావ్ అఫోన్సో పిమెంతెల్‌కు ఇచ్చారు. దేశంలో ముఖ్యమైన కోటలు, పన్నులు, సంఘాలు ఒక కుటుంబం చేతికి చిక్కుతున్నాయని మిగతా ప్రభువులకు అనిపించడంలో ఆశ్చర్యం లేదు. అయితే ఇదేదో ఆమె కనిపెట్టిన దురాచారం కాదు. ఇనేస్ సోదరుడు అల్వారో పిరెస్ ద కాస్త్రో కూడా ఇదే ఫెర్నాండో దగ్గర అరాయొలోస్ కౌంటు బిరుదు పొందాడు. తనదంటూ రాచరక్తపు అండ లేని రాణికి బంధువులే సైన్యం. నౌకాదళం సోదరుడి చేతిలో పెట్టడం మాత్రం చెడ్డ నిర్ణయమే: 1381 జులైలో సాల్తెస్ దగ్గర అతడు కాస్టీల్ నౌకల చేతిలో ఘోరంగా ఓడి బందీ అయ్యాడు.

మరియా తెలేస్ హత్య ఈ చరిత్రలో అన్నిటికన్నా భయంకరమైన ఘట్టం. ఇనేస్ పెద్దకొడుకు జువావ్, వితంతువైన మరియాను రహస్యంగా పెళ్లాడాడు. 1379 ప్రాంతంలో ఒక తెల్లవారుజామున అతడు తన మనుషులతో కొయింబ్రాలో ఆమె ఇంటికి వచ్చి గది తలుపు పగలగొట్టించాడు. పక్క మీది దుప్పటి చుట్టుకుని లేచిన భార్య మీద వ్యభిచార నింద మోపి, ఆమె ఏకాంతంగా మాట్లాడమని వేడుకుంటుండగానే పొడిచి చంపాడు. మరియా లేకపోతే తన కూతురు బియత్రీజ్‌ను అతనికిచ్చి రాజ్యం కట్టబెడతానని లియొనోరే ఆశ పెట్టించిందని లోపిస్ చెప్తాడు. జువావ్‌కు ఆ పెళ్లి జరగలేదు. మరియా కొడుకు, సోదరులు పగ తీర్చుకుంటారన్న భయంతో అతడు కాస్టీల్ పారిపోయాడు.

ఈ ఆరోపణ నిజమా? హత్య వల్ల లియొనోర్‌కు లాభించిందన్నది కాదనలేం: బియత్రీజ్‌కు పోటీగా నిలవగల ఇనేస్ కొడుకులు ఇద్దరూ దేశం బయట, పరాయి రాజు దయ మీద ఉండిపోయారు. కానీ లాభం పొందడం వేరు, చేయించడం వేరు. జువావ్‌కు సొంత ఆశ చాలు; రాజుకు మగబిడ్డ లేడు, రాకుమారిని చేసుకుంటే తానే రాజు, దానికి అడ్డల్లా తన రహస్య వివాహం. అతని స్థానంలో ఉన్నవాడికి ఈ లెక్క ఎవరూ చెప్పనక్కర్లేదు. లియొనోర్ ఆ ఆశను ఎగదోసి ఉండవచ్చు. ఆమె మాటలు విన్న సాక్షి మాత్రం లోపిస్ కథనంలోనూ లేడు.

రాణి ప్రియుడని చెప్పుకునే అందేయిరో విషయమూ ఇంతే. జువావ్ ఫెర్నాందిస్ అందేయిరో లా కొరూన్యాకు చెందిన గలీసియావాడు, కాస్టీల్ రాజుకు శత్రువై పోర్చుగల్ చేరినవాడు, ఇంగ్లండ్‌తో ఫెర్నాండో జరిపిన రహస్య మంతనాలకు రాయబారి. 1380లో అతణ్ణి ఎస్త్రెమోజ్ కోట బురుజులో ఎవరికంటా పడకుండా దాచి, రాజు, రాణి అక్కడే అతనితో సమాలోచనలు జరిపారు. ప్రేమ వ్యవహారం అక్కడే మొదలైందని లోపిస్ మాట. ఆయన చూపే ఆధారాల్లో ఒకటి ఇది: ఎవోరాలో ఒకరోజు అందేయిరో, రాణి సోదరుడు గొన్సాలో ఇద్దరూ చెమటలు కక్కుతూ లోపలికి వచ్చారు. తుడుచుకోవడానికి గుడ్డ లేకపోతే రాణి తన మేలిముసుగును రెండుగా చించి చెరో ముక్కా ఇచ్చింది. అందేయిరో ఆమె దగ్గరగా వంగి ఏదో చనువుగా గొణగడం పక్కనున్నవాళ్లు విన్నారు, అక్కడి నుంచి గుసగుసలు పాకాయి. రెండో ముక్క సొంత సోదరుడికి వెళ్లిందన్న సంగతి చదివేవాళ్లు తరచు మర్చిపోతారు. ఆ సంబంధం ఉండి ఉండవచ్చు. ఆ గుడ్డముక్క మాత్రం దాన్ని రుజువు చేయదు. 1381లో రాణి బాబాయి చనిపోయాక ఆయన దగ్గరున్న ఔరేం కౌంటు బిరుదును ఒక పరదేశికి ఇవ్వడం ప్రభువులను నిజంగా మండించింది. రాణి సోదరుడు జువావ్ అఫోన్సోకు కూడా అందేయిరో అంటే గిట్టేది కాదు.

కాస్టీల్‌తో మూడోసారి యుద్ధం చేసి ఓడిన ఫెర్నాండో, 1383 ఏప్రిల్ 2న సాల్వతెర్రా ద మాగోస్ సంధికి ఒప్పుకున్నాడు. పదేళ్ల బియత్రీజ్‌ను కాస్టీల్ రాజు మొదటి హువాన్‌కు ఇవ్వాలి. ఫెర్నాండో మగసంతానం లేకుండా పోతే ఆమే పోర్చుగల్ రాణి. అయితే ఆమెకు పుట్టిన బిడ్డకు 14 ఏళ్లు వచ్చేదాకా పాలన లియొనోర్ చేతిలో ఉంటుంది, రెండు రాజ్యాలూ కలవవు. లియొనోర్ దేశాన్ని అమ్మేసిందనే వాళ్లు ఈ షరతును చదవాలి. కాగితం మీద ఇది కాస్టీల్ రాజును పోర్చుగల్ పాలనకు దూరంగా, తనను దగ్గరగా ఉంచే ఏర్పాటు. మే నెలలో పెళ్లి జరిగింది, అక్టోబరు 22న ఫెర్నాండో మరణించాడు, లియొనోర్ ప్రతినిధిగా పాలన చేపట్టింది. హువాన్ వెంటనే తన రాజ్యంలో ఉన్న ఇనేస్ కొడుకు జువావ్‌ను ఖైదు చేయించాడు. భార్య హక్కుకు పోటీదారు ఎవరో ఆయనకు బాగా తెలుసు.

ఆయన లెక్కలోకి తీసుకోని మరో జువావ్ ఉన్నాడు. మొదటి పెద్రోకు తెరెజా లొరెన్సో అనే స్త్రీ వల్ల పుట్టిన ఇతడు ఆవిస్ సైనిక సంఘానికి అధిపతి, బ్రహ్మచర్య వ్రతం పట్టినవాడు. 1383 డిసెంబరు 6న అతడు మనుషులతో లిస్బన్ రాజభవనానికి వచ్చి, అందేయిరోను మాట్లాడదామని కిటికీ దగ్గరికి పిలిచి తల మీద కత్తితో కొట్టాడు, వెంట ఉన్న రుయ్ పెరెయిరా పొడిచి చంపాడు. అదే సమయానికి ముందే అనుకున్న ప్రకారం ఒక సేవకుడు గుర్రమెక్కి, ఆవిస్ అధిపతిని చంపేస్తున్నారని వీధుల వెంట కేకలు పెడుతూ అల్వారో పైస్ అనే పలుకుబడిగల పెద్దమనిషి ఇంటికి దౌడు తీశాడు. చంపినవాడినే కాపాడటానికి జనం పరుగెత్తుకొచ్చారు. గంటలు మోగించలేదన్న అనుమానంతో, కాస్టీల్‌వాడైన లిస్బన్ బిషప్పును ప్రధాన చర్చి గోపురం మీది నుంచి తోసి చంపారు. మంచి సేవకుణ్ణి అన్యాయంగా చంపారని, రేపు సావ్ ఫ్రాన్సిస్కో మఠంలో పెద్ద మంట వేయించి అగ్నిపరీక్షకు నిలబడతానని లియొనోర్ అన్నట్టు లోపిస్ రాసి, ఆ పని చేసే ఉద్దేశం ఆమెకు లేదని తన వంతుగా ఒక పోటు పొడిచాడు.

ఆ తర్వాతి కొద్ది రోజుల్లో జరిగిన ఒక సంగతి ఆమె మీది అభియోగాలన్నిటికన్నా ఎక్కువ చెప్తుంది. ఆమె లిస్బన్ వదిలి తన ఊరు అలెంకేర్ చేరాక, ఆవిస్ అధిపతి ఆమెను పెళ్లాడి ఇద్దరూ కలిసి రాజ్యం నడపాలని అతని పక్షంవాళ్లే రాయబారం నడిపారు. ఆమె తిరస్కరించింది. ఇది రాసింది కూడా లోపిసే. ఆమె నిజమైన రాణి కాకపోతే, అంత పతితురాలైతే, ఆ సంబంధం అడగడమెందుకు? 1383 డిసెంబరులో ఆమె చేతిలోని అధికారం చట్టబద్ధమైనదని శత్రువులకూ తెలుసు. ఆమె పెళ్లి చెల్లదన్న వాదనకు బలం వచ్చింది ఆమె కాదన్న తర్వాతే.

అక్కడి నుంచి సాంతరేం వెళ్లి అల్లుణ్ణి సాయం కోరింది. లియొనోర్ చేసిన పెద్ద పొరపాటు ఇదేనని నా అభిప్రాయం. 1384 జనవరిలో సైన్యంతో వచ్చిన హువాన్ సంధిని పక్కనబెట్టి ఆమె చేత పాలనాధికారం వదిలింపజేశాడు. ఇద్దరికీ చెడటానికి తక్షణ కారణంగా లోపిస్ చెప్పేది చిన్నదిగా కనిపిస్తుంది: కాస్టీల్ యూదులకు పెద్ద రబ్బీ పదవిని తన మనిషికి ఇమ్మని లియొనోర్ అడిగింది, హువాన్ దాన్ని బియత్రీజ్ అడిగిన మరొకరికి, దవిద్ నెగ్రోకు ఇచ్చాడు. రాజ్యాన్నే అప్పగించినదానికి ఒక ఉద్యోగం కూడా ఇప్పించుకునే పలుకుబడి లేదని పరివారం ఎదుట రుజువైంది. ఆమె కొయింబ్రాలోని సోదరుడు గొన్సాలోతో, హువాన్ బంధువైన త్రస్తామరా కౌంటుతో మంతనాలు సాగించింది. కోట హువాన్‌కు లొంగలేదు, కుట్ర మాత్రం బయటపడింది. అత్తగారిని హువాన్ కాస్టీల్‌లోని తొర్దెసిల్యాస్ మఠానికి పంపించేశాడు. ఆయన దృష్టిలో అది అడ్డు తొలగించుకోవడం. నిజానికి తన పక్షాన పోర్చుగల్‌లో ఉన్న ఏకైక చట్టబద్ధ పాలకురాలిని తానే తీసేసుకున్నాడు. ఆ ఏడాది లిస్బన్ ముట్టడిలో సైన్యాన్ని మహమ్మారి తినేసింది, సెప్టెంబరులో వెనుదిరిగాడు.

ఇప్పుడు కొయింబ్రా సభలో దాస్ రెగ్రాస్ వాదన అర్థమవుతుంది. కున్హాతో లియొనోర్ పెళ్లి చెల్లింది, కాబట్టి భర్త ఉండగా చేసుకున్న రాజుతో పెళ్లి చెల్లదు, బియత్రీజ్ అక్రమ సంతానం. పైగా ఆమె భర్త, రోమ్ పోప్‌ను కాదని అవిన్యోన్‌లోని పోటీ పోప్ వైపు ఉన్న మతద్రోహి. ఇక ఇనేస్ పెళ్లి రుజువు కాలేదు. పెళ్లి తేదీ కూడా గుర్తులేని భర్త మాట ఎలా నమ్మాలి? కాబట్టి జువావ్, దినీస్ కూడా అక్రమ సంతానమే. అందరూ అక్రమ సంతానమే అయినప్పుడు సింహాసనం ఖాళీ, ప్రజలు ఎన్నుకోవచ్చు. ఏప్రిల్ 6న ఆవిస్ అధిపతిని మొదటి జువావ్‌గా ఎన్నుకున్నారు. తన పుట్టుక సక్రమమని అతడు ఏనాడూ చెప్పుకోలేదు, అదే అతని బలమైంది: పడగొట్టడానికి అతని తల్లిదండ్రులకు పెళ్లే లేదు. ఆగస్టు 14న అల్జుబరోటా యుద్ధంలో కాస్టీల్ సైన్యం చిత్తయింది. లియొనోర్ సోదరుడు జువావ్ అఫోన్సో కాస్టీల్ పక్షాన పోరాడి అక్కడే చనిపోయాడు.

కొత్త రాజు 1387లో ఇంగ్లండుకు చెందిన ఫిలిప్పాను పెళ్లాడాడు. సైనిక సంఘపు వ్రతం నుంచి అతనికి పోప్ విడుదల పత్రాలు వచ్చింది 1391లో. అంటే నాలుగేళ్లపాటు, కొందరు పిల్లలు పుట్టేదాకా, ఆ పెళ్లి కూడా చర్చి చట్టం ముందు సందేహాస్పదమే. దాన్ని ఎత్తిచూపే దాస్ రెగ్రాస్ మాత్రం ఎవరూ లేకపోయారు.

లియొనోర్ 1386లో తొర్దెసిల్యాస్‌లో మరణించిందని పరంపరగా చెప్తారు. అంతకన్నా చాలా ఏళ్లు వయ్యదోలిద్‌లో బతికిందని వాదించే చరిత్రకారులూ ఉన్నారు. బియత్రీజ్ 1390లో వితంతువై, మళ్లీ పెళ్లి చేసుకోకుండా, పోర్చుగల్ రాణి అన్న బిరుదుతోనే కాస్టీల్‌లో జీవితం గడిపింది. ఆమె సమాధి తన తాత హత్య జరిగిన తోరో పట్టణంలోనే ఉంది. పోర్చుగల్ కొత్త రాజవంశాన్ని కాస్టీల్ పూర్తిగా గుర్తించి శాంతి ఒప్పందం కుదుర్చుకున్నది 1411లో అయ్యోన్‌లో.

బంధువర్గం మాత్రం రెండు దేశాల్లోనూ నిలదొక్కుకుంది. సవతి సోదరి జొవానా భర్త పిమెంతెల్ మొదట కొత్త రాజుకు లొంగి, 1398లో కాస్టీల్‌కు మారి బెనవెంతె కౌంటుల వంశానికి మూలపురుషుడయ్యాడు. క్రీస్తు సంఘాధిపతి లోపో దియాస్, పినతల్లి వరుసైన రాణి చేత పదవి పొందినవాడే అయినా, ఆవిస్ పక్షం చేరి పదవి నిలుపుకున్నాడు. బాబాయి కొడుకైన వియానా కౌంటు జువావ్ అఫోన్సోను 1384లో పెనెలాలో సొంత జనమే చంపారు; ఆయన కొడుకు పెద్రో ద మెనెజిస్‌నే, 1415లో ఆఫ్రికా ఉత్తర తీరంలోని సేవుతాను జయించినప్పుడు, మొదటి జువావ్ రాజు అక్కడి తొలి పాలకుడిగా నియమించాడు. ఆ పెద్రో వంశంలోనే పుట్టిన దువార్తె ద మెనెజిస్ 1522 నుంచి 1524 దాకా పోర్చుగీసు భారతదేశాన్ని ఏలిన గవర్నరు.